మార్టినీకి చల్లదనమే ప్రాణం

సంపాదక మహాశయా,

పెద్ద హోటళ్ల బార్లలో మార్టినీలు (జిన్‌తో చేసే కాక్‌టెయిల్) రుచి చూపించేటప్పుడు నిండు గ్లాసులు వరసగా పెట్టేస్తున్నారు. మూడోది చేతికొచ్చేసరికి వెచ్చబడి జిన్ ఘాటొక్కటే మిగులుతుంది.

60 మి.లీ. జిన్‌కు 10 మి.లీ. డ్రై వెర్మూత్ (మూలికల వాసన పట్టించిన, తీపి తక్కువ వైన్) వేసి, పెద్ద ఐసు ముక్కలతో అర నిమిషం తిప్పాలి. కరిగిన నీరూ అందులో భాగమే, అది తగ్గితే గొంతు మండుతుంది. కుదిపితే గాలి బుడగలు, ఐసు నలుసులు చేరి మసకబారుతుంది.

అన్నిటికన్నా బాధ వెర్మూత్ సీసాతోనే. అదీ వైనే కదా! మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టకుండా నెలల తరబడి అలమరాలో ఉంచితే రుచి చచ్చిపోతుంది. నిమ్మతొక్కను గ్లాసుపై మెలిపెడితే సన్నటి నూనె తళుకు తేలాలి.

ఫ్రీజర్‌లోంచి తీసిన చిన్న గ్లాసుల్లో, 30 మి.లీ. చొప్పున, ఒకటి తాగాకే మరొకటి కలిపివ్వండి.

— ఒక పాఠకుడు