చిలీ దేశంలోని కలామా నుంచి అమ్మకు, నాయనకు

అమ్మకు, నాయనకు నమస్కారాలు. నేనిక్కడ క్షేమం. మీరూ, చెల్లీ, బాబూ, చిన్నాయన వాళ్లూ క్షేమమని తలుస్తాను. ఫోన్లో నాయనకు సగం మాటలు వినపడటం లేదు. వినపడని సగాన్ని అమ్మ తనకు తోచినట్టు చెబుతోంది. అందుకే రాస్తున్నా. చెల్లీ, నిదానంగా చదివి వినిపించు.

పని బాగానే ఉంది. గనుల నుంచి వచ్చే రాతి ముక్కలు చూసి, రాగి ఎంత ఉందో రాసివ్వడమే. జీతం వేళకు పడుతోంది.

అమ్మా, టీవీలో అగ్నిపర్వతం చూసి రాత్రంతా కూర్చునే ఉన్నావంట. నువ్వు చూసింది ఏ దేశందో నాకు తెలియదు. ఇక్కడ అప్పుడప్పుడు పొగ వదిలేది లాస్కర్ కొండ. అది మాకు నూటయాభై కిలోమీటర్ల దూరం. 1993 ఏప్రిల్లో గట్టిగా పేలినప్పుడు దాని బూడిద కొండలు దాటి అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్ దాకా పోయింది. ఇప్పుడు దాని మీద యంత్రాలు పెట్టి కనిపెట్టి చూస్తున్నారు. పైగా మాకు అన్నం పెట్టేది ఈ కొండలే. సముద్రం అడుగునున్న పెద్ద రాతి పలక ఈ ఖండం కిందికి దూరుతుంటే లోపల రాయి కరుగుతుంది. అందులోంచి మరిగే నీళ్లు పగుళ్లలోకి ఎక్కి, రాగిని అక్కడ వదిలేసి పోయాయి. ఇదంతా మూడు కోట్ల ఏళ్ల కిందటి మాట. పక్కనున్న చుకికమాటా గనిని 1915 నుంచి తవ్వుతున్నారు. గొయ్యి లోతు కిలోమీటరుకు దగ్గరైంది. ఇక పైనుంచి తవ్వలేక 2019 నుంచి సొరంగాల్లోకి దిగారు. చిన్నాయనకు చెప్పండి, చీమకుర్తి గ్యాలక్సీ రాయి కూడా ఒకప్పుడు కరిగిన రాయే. పైకి పొంగకుండా భూమిలోపలే మెల్లగా చల్లారింది, అందుకే దాన్లో పలుకులు కంటికి కనిపించేంత పెద్దవయ్యాయి.

క్వినోవా అని ఇక్కడి కొండల్లో పండే గింజలున్నాయి. కొర్రన్నంలాగా వండుకుని, నువ్వు పంపిన గోంగూర పచ్చడి కలుపుకుంటున్నా. పచ్చడి అడుగంటింది.

నాయనా, ఇప్పుడు రాసేది నీకు. చెల్లీ, ఇది రెండుసార్లు చదువు.

ఇక్కడ సముద్రం ఒడ్డున అంతోఫగాస్తా అనే పెద్ద ఊరుంది. వాన అనేదే తెలియని చోటు. జనం పెరిగి నీళ్లు చాలక 1958లో కొండల్లోని తొకోన్సె నది నీళ్లు పైపుల్లో తెచ్చుకున్నారు. తేటగా ఉండేవి, వాసన లేదు, రుచి తేడా లేదు. కానీ అగ్నిపర్వతాల రాళ్లలోంచి, వేడినీటి ఊటల్లోంచి వచ్చిన నీళ్లవి. వాటిలో ఆర్సెనిక్ అనే విషం ఇప్పటి పరిమితికి ఎనభై రెట్ల పైనే ఉంది. 1970లో శుద్ధి ప్లాంటు పెట్టేదాకా ఊరంతా అవే తాగింది. నీళ్లు మారాక కూడా ఎన్నో ఏళ్లు ఊపిరితిత్తుల క్యాన్సర్లు, మూత్రాశయ క్యాన్సర్లు ఎక్కువగా వస్తూనే ఉన్నాయి. అప్పుడు కడుపులో ఉన్న పిల్లలు కూడా పెద్దయ్యాక జబ్బుపడ్డారు.

అది చదివినరోజు నాకు నీ మోకాళ్లే గుర్తొచ్చాయి. మన కనిగిరి, దర్శి, పొదిలి నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, 1937లోనే, మనవైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని, దాంతో ఎముకలు బిగుసుకుపోతున్నాయని డాక్టర్లు రాశారు. అంటే నువ్వు పుట్టకముందే. “ఇన్నేళ్లు తాగాం, ఇప్పుడు కొత్తగా ఏమవుద్ది” అనకు నాయనా. వంగిన ఎముక మళ్లీ నిటారు కాదు, నిజమే. ఇంకా ముదరకుండా ఆపుకోవచ్చు కదా. అమ్మా, కాచి తాగుతున్నాం కదా అంటావు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. క్యాన్ నీళ్లు చప్పగా ఉన్నా అవే తాగండి, వంటకు కూడా అవే. మిట్ట మీది బోరు నీళ్లు బట్టలకూ గేదెలకూ వాడండి. గేదెలకు కూడా వద్దనే నా మనసుకు ఉంది, కానీ ఏం చేస్తాం. బాబుకు ఇంకా కొత్త పళ్లు రాలేదు. ఎనిమిదేళ్ల లోపు వాడు ఆ నీళ్లు తాగితే పళ్ల మీద మచ్చలు పడతాయి, తర్వాత తోమితే పోయేవి కావు. వాడికి ఒక్క గ్లాసు కూడా ఇవ్వొద్దు.

నేను తాగేది శుద్ధి చేసిన నీళ్లే. నా గురించి దిగులు వద్దు.

ఇక్కడి ఉప్పు మైదానంలో భూమి కింది ఉప్పునీళ్లు తోడి, ఏడాదికి పైగా ఎండబెట్టి లిథియం తీస్తారు. ఫోన్ల బ్యాటరీలకు అదే కావాలి. తమ ఊటలు ఎండిపోతాయేమోనని అక్కడి పల్లెల వాళ్ల భయం. వాళ్లతో మాట్లాడితే మనూరి వాళ్లతో మాట్లాడినట్టే ఉంటుంది.

సంబంధం సంగతి అత్తతో మాట ఇచ్చేశావా అమ్మా? ఇవ్వకపోతే ఇవ్వొద్దు. చెల్లికి నాకంటే ముందు పెళ్లయిందని ఎవరో ఏదో అన్నారని నేను పరుగెత్తి రాలేను. కాంట్రాక్టు అయ్యాక వస్తా, అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం. నువ్వు ఏడ్చుకుంటూ ఫోన్ చేస్తే నాకు ఆరోజంతా పని సాగదు.

ఈ నెల కొంచెం ఎక్కువ పంపాను. దాంతో ముందు ఫిల్టరు కొనండి, గేటుకు రంగు తర్వాత. ఫ్లోరైడ్ తీసే రకం కావాలని గట్టిగా చెప్పు చెల్లీ, మామూలు క్యాండిల్ ఫిల్టరు దీనికి పనికిరాదు. బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి ఒంగోలులో పరీక్ష చేయించు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందా లేదా చూసి, ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపు.

ఉంటాను.
మీ పెద్దమ్మాయి