ఆ ఎరుపు పసుపు స్కార్ఫ్ గురించి

చిన్నీ,

నిన్న ఫోన్‌లో నువ్వు నవ్వుతూ చెప్పావు గానీ నాకు నవ్వు రాలేదమ్మా. కలకత్తా ఆఫీసులో ఎవరో ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ క్లబ్బు ఎరుపు పసుపు స్కార్ఫ్ మెడలో వేస్తే ఫొటో దిగి స్టేటస్ పెట్టావు, బాగానే ఉంది, కింద "ఇరవై రెండు మంది, ఒక బంతి, ఇంత సీన్ అవసరమా" అని రాశావు, ఇప్పుడు పక్క సీటు అమ్మాయి రెండు రోజులుగా టీకి కూడా పిలవట్లేదు. "వీళ్లకేమైనా పిచ్చా నాన్నా" అన్నావు. ఫోన్‌లో చెప్తే సగం వింటావు, ఈలోగా ఇంకో కాల్ వస్తుంది. అందుకే రాస్తున్నా. కాస్త పెద్దదే, ఆదివారం తీరిగ్గా చదువుకో.

నేను కలకత్తాలో ఉన్నది 1996 నుంచి మూడేళ్లు. బ్యాంకులో మొదటి ప్రమోషన్, దాంతోపాటే ట్రాన్స్‌ఫర్. జాదవ్‌పూర్ దగ్గర విజయ్‌గఢ్‌లో ఒక మేడ మీద గది దొరికింది. కింద ఇంటావిడ, అందరూ మాశీమా అనేవారు, నేనూ అదే అన్నాను. మొదటి రోజు సామాను దించుతుంటే "నీ దేశం ఎక్కడ?" అని అడిగింది. నేను తెల్లమొహం వేసి "ఇండియానే" అన్నాను. ఆవిడ ఎంత నవ్విందో! వాళ్ల భాషలో దేశం అంటే సొంతూరు. రావులపాలెం అని చెప్పి, మీదెక్కడ అన్నాను. బరిశాల్ అంది. బరిశాల్ అంటే ఇప్పటి బంగ్లాదేశ్. పదకొండేళ్లప్పుడు వదిలేసి వచ్చింది, మళ్లీ గడప తొక్కలేదు, కలకత్తాలో పెళ్లి, పిల్లలు, మనవలు, అన్నీ అయ్యాయి. అయినా నీ ఊరేది అంటే బరిశాలే.

1947 తర్వాత తూర్పు నుంచి లక్షల మంది అలా వచ్చి పడ్డారు. ప్రభుత్వం చోటు చూపించేదాకా ఆగలేక ఖాళీ స్థలాల్లో, యుద్ధకాలంలో సైన్యం వదిలేసిన బారకాసుల్లో దిగిపోయి కాలనీలు కట్టుకున్నారు. విజయ్‌గఢ్ అలా పుట్టిందే. వాళ్లని బాంగాల్ అంటారు. ముందునుంచీ పశ్చిమాన ఉన్నవాళ్లు ఘోటీలు. బాంగాల్‌కి ఈస్ట్ బెంగాల్ క్లబ్బు, ఘోటీకి మోహన్ బగాన్. గెలిస్తే వాళ్లింట్లో ఇలిశ్ చేప, వీళ్లింట్లో రొయ్యలు. ఇది నీకు ఈపాటికి ఎవరో చెప్పే ఉంటారు.

నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. కోనసీమ వాణ్ణి, రొయ్యలు కనబడితే చెయ్యి ఆగదు. ఒక శనివారం అరకేజీ కొనుక్కుని వస్తే మాశీమా గేటు దగ్గరే ఆపేసింది. మర్నాడు మ్యాచ్. సంచీ బయట పంపు గట్టు మీద పెట్టించి, చేతులు కడిగించి లోపలికి రానిచ్చింది. ఆ రొయ్యలు పిల్లి పాలయ్యాయి.

మా హెడ్ క్యాషియరు బాగ్‌బజార్ మనిషి, నాలుగు తరాలుగా అదే వీధి, అచ్చమైన ఘోటీ. చాలా మంచివాడు, నాకు బెంగాలీ నేర్పింది ఆయనే, కానీ ఎవరైనా బాంగాల్ కస్టమర్ వచ్చి వెళ్లగానే వాళ్ల యాస తీసి వెక్కిరించేవాడు. వాళ్లు కొన్నిచోట్ల స బదులు హ అంటారు, అదీ ఆయన నవ్వు. నాకు అప్పట్లో అదేం తప్పనిపించలేదు, నిజం చెప్తున్నా. మన సినిమాల్లో ఏళ్ల తరబడి కమెడియన్‌కీ రౌడీకీ ఏ యాస పెట్టారో, గోదారి వాళ్లం మేము హాల్లో ఎలా నవ్వామో తర్వాత తర్వాత గుర్తొచ్చి సిగ్గేసింది. యాస వల్ల నవ్వులపాలైనవాళ్లకి ఆదివారం సాయంత్రం ఒక్క గోలు దొరికితే అది ఉత్త గోలు కాదు కదా.

తమాషా ఏంటంటే ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పుట్టింది దేశవిభజనకి 27 ఏళ్ల ముందు. మోహన్ బగాన్ 1889లో ఉత్తర కలకత్తా పెద్దిళ్లలో మొదలైంది. మొదటి ప్రెసిడెంటు భూపేంద్రనాథ్ బోస్, ఆయనే 1914లో కాంగ్రెస్ అధ్యక్షుడు కూడా. అంటే రాజకీయం మధ్యలో వచ్చి దూరింది కాదు, మొదట్నుంచీ ఉన్నదే. 1911లో వాళ్లు ఐఎఫ్ఏ షీల్డ్ అనే పెద్ద టోర్నీ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో ఓడించారు, ఒక్కడు తప్ప అందరూ వట్టికాళ్లతోనే ఆడి. బెంగాల్‌ని కర్జన్ రెండు ముక్కలు చేసి ఆరేళ్లయింది, ఊరు రగిలిపోతోంది, ఆ టైంలో తెల్ల సోల్జర్ల మీద గెలుపంటే ఊహించుకో. ఆ పదకొండు మందిలో తూర్పు బెంగాల్ మూలాలున్నవాళ్లు తక్కువేం కాదు, ఆరోజు అది ఎవరూ లెక్కపెట్టలేదు.

తొమ్మిదేళ్లకి, 1920 జూలైలో, జోరాబగాన్ అనే క్లబ్బుకి మోహన్ బగాన్‌తో మ్యాచ్. శైలేష్ బోస్ అనే తూర్పు కుర్రాణ్ణి టీమ్‌లోంచి తీసేశారు. జోరాబగాన్ వైస్ ప్రెసిడెంటు సురేశ్ చంద్ర చౌధురి, ఆయనదీ తూర్పే, ఎంత చెప్పినా క్లబ్బువాళ్లు వినలేదు. కోపమొచ్చి బయటికొచ్చేసి మూడు నాలుగు రోజుల్లో, ఆగస్టు 1న, కొత్త క్లబ్బు పెట్టేశాడు. ఒక్క ఆటగాణ్ణి పక్కన పెట్టిన అవమానం అది. తర్వాత 1947లో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్లకి, ఈ కొత్త ఊళ్లో తమ ఊరి పేరు పెట్టుకుని గెలుస్తున్నది ఒక్కటే కనబడింది. ఆలోచించు, తూర్పు బెంగాల్ అనే పేరు మ్యాపులోంచి పోయింది, జెర్సీ మీద మిగిలింది.

ఆ కాలనీల్లో పట్టాల కోసం, రేషన్ కోసం పోరాటాలు నడిపింది ఎక్కువగా కమ్యూనిస్టులు. అక్కడి ఓట్లు చాలాకాలం ఎర్రజెండాకే పడ్డాయి. అలాగని ఫలానా క్లబ్బు ఫలానా పార్టీది అనుకుంటే పప్పులో కాలేసినట్టే, ఏ పార్టీ అధికారంలో ఉన్నా వీళ్లిద్దరినీ మంచి చేసుకోక తప్పదు. మూడో క్లబ్బు మహమ్మడన్ స్పోర్టింగ్ కథ వేరే. 1934 నుంచి 1938 దాకా వరసగా ఐదుసార్లు లీగ్ కొట్టింది, బెంగాల్ ముస్లింలు ఊళ్లకి ఊళ్లు దాని వెనక నిలబడ్డారు, అదీ సరిగ్గా రాజకీయాలు మతం పేరున చీలుతున్న రోజుల్లో.

ఇక నేను చూసిన మ్యాచ్. 1997 జూలై 13, ఆదివారం, ఫెడరేషన్ కప్ సెమీఫైనల్. మీ సెక్టర్ ఫైవ్ పక్కనే ఉన్న సాల్ట్ లేక్ స్టేడియం. లెక్కల్లో 1,31,781 మంది, అందులో ఒకణ్ణి నేను. టికెట్ క్యాషియరు ఇప్పించాడు కాబట్టి మోహన్ బగాన్ గ్యాలరీలో కూర్చున్నాను, మాశీమాకి ఆ సంగతి చెప్పలేదు. వారం ముందునుంచే మాటల యుద్ధం. మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా తన డైమండ్ ఫార్మేషన్ వ్యూహానికి తిరుగులేదన్న ధీమాలో ఉన్నాడు, ఈస్ట్ బెంగాల్ ఆటగాళ్లకి పేర్లు పెట్టాడు, సిక్కిం కుర్రాడు భైచుంగ్ భూటియాని చుంగ్‌చుంగ్ అన్నాడు. ఆ చుంగ్‌చుంగే మూడు గోల్స్ కొట్టాడు. 4-1. అవతలి గ్యాలరీలో పేపర్లు చుట్టి దివిటీల్లా వెలిగించారు, ఆ క్లబ్బు గుర్తే దివిటీ. మా క్యాషియరు ఏమీ అనలేదు. ఆకుపచ్చ మెరూన్ జెండాని నాలుగు మడతలు పెట్టి, చొక్కా లోపల పెట్టుకుని, బొత్తాం వేసుకున్నాడు. ఉల్టాడాంగా స్టేషన్ దాకా నడిచాం, ఒక్క మాట లేదు. నేను ఇంటికెళ్లేసరికి మాశీమా ఇంట్లో ఆవాలు నూరుతున్న వాసన.

సరదా అని మాత్రం అనుకోకు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఇదే మ్యాచ్‌లో గొడవై, తొక్కిసలాటలో 16 మంది పోయారు. ఎక్కువమంది నీ వయసువాళ్లే.

ఇక డబ్బు. 1998లో యూబీ గ్రూపు, అంటే విజయ్ మాల్యా, రెండు క్లబ్బుల్లోనూ సగం సగం వాటా తీసుకున్నాడు. ఒకటి మెక్‌డోవెల్ మోహన్ బగాన్, రెండోది కింగ్‌ఫిషర్ ఈస్ట్ బెంగాల్. విస్కీ ఇటు, బీరు అటు, గల్లాపెట్టె ఒక్కటే! ప్రాణాలు తీసుకునేంత పోటీ అంటారు, జీతాలు మాత్రం ఒకే జేబులోంచి. ఆ మాట క్యాషియరుతో అంటే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ "బాబూ, కూలి ఇచ్చేవాడు ఒకడైనా నాట్లు వేసే పొలం వేరు" అన్నాడు. అప్పుడు ఒప్పుకోలేదు, ఇప్పుడు కొంత ఒప్పుకుంటున్నా. ఎందుకంటే 2020లో మోహన్ బగాన్ ఫుట్‌బాల్‌లో 80 శాతం వాటా సంజీవ్ గోయెంకా గ్రూపు తీసుకుని, తమ పాత టీమ్ ఏటీకే పేరుని ముందు తగిలిస్తే, అభిమానులు కప్పు గెలుస్తున్నా సరే ఏటీకే తీసెయ్యండి అని మూడేళ్లు వదలకుండా గొడవ చేశారు. 2023లో ఆ మూడు అక్షరాలు పోయాయి. పోయి ఏమొచ్చింది? సూపర్ జెయింట్. అదే యజమాని ఐపీఎల్ లక్నో టీమ్ తోక పేరు. తోక మారింది తప్ప యజమాని మారలేదు, అది వాళ్లకీ తెలుసు.

ఈస్ట్ బెంగాల్ సంగతీ అంతే. 2020లో సిమెంట్ కంపెనీ, 2022లో సబ్బులూ క్రీములూ చేసే కంపెనీ, రెండు ఒప్పందాలూ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ సమక్షంలో, సచివాలయం నబన్నాలో ప్రకటించారు. క్లబ్బుకి స్పాన్సర్‌ని వెతికిపెట్టడం ముఖ్యమంత్రి పనా? కాదు. కానీ లక్షల ఇళ్లలో ఓట్లున్న క్లబ్బు ఒక ఏడాది ఆడలేకపోయిందంటే అది ఎవరి మెడకి చుట్టుకుంటుందో ఆవిడకి తెలీదా.

ఇప్పుడు మనవాళ్ల సంగతి. ఈ ఘోటీ బాంగాల్ గొడవలో గోల్స్ కొట్టినవాళ్లలో హైదరాబాద్ వాళ్లు ఎంతమందో! అప్పట్లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ అంటే కలకత్తాకి దడ. రహీం సాబ్ కోచ్, 1950 నుంచి వరసగా ఐదు రోవర్స్ కప్పులు. మంచి ఆటగాళ్లని కలకత్తా డబ్బిచ్చి లాక్కుపోయింది. మహమ్మద్ హబీబ్ మూడు క్లబ్బులకీ ఆడాడు. 1977లో పీలే కాస్మోస్ టీమ్‌తో వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టాడు, మ్యాచ్ 2-2. ఆయన తమ్ముడు అక్బర్ 1976లో ఈస్ట్ బెంగాల్ మీద పదిహేడో సెకనుకే గోలు కొట్టాడు, జనం ఇంకా సర్దుకుని కూర్చోకుండానే. వాళ్లు ఘోటీలూ కాదు, బాంగాల్ కూడా కాదు. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే పిల్లలు. ఎవరి ఊరి పరువో మోసి, 2023లో హబీబ్ పోయినప్పుడు హైదరాబాద్‌లో ఎంతమందికి తెలిసింది చెప్పు?

అంతెందుకు, హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్ఎల్ గెలిచింది. దేశంలో ఫుట్‌బాల్‌కి పెద్ద లీగ్ అది. ఆ తర్వాత డబ్బు సమస్యలు, జీతాల గోల, 2025లో క్లబ్బు ఢిల్లీకి పోయి పేరు కూడా మార్చుకుంది. నువ్వప్పుడు హైదరాబాద్‌లోనే ఉన్నావు. నీ ఫ్రెండ్స్‌లో ఒక్కరైనా స్టేటస్ పెట్టారా? నేనూ పేపర్లో చదివి పేజీ తిప్పేశాను. అక్కడ మూడు అక్షరాల కోసం మూడేళ్లు కొట్లాడారు. పిచ్చి ఎవరికో నాకు సరిగ్గా తేలలేదు.

ఇంకొక్కటి. 2020 జనవరిలో, పౌరసత్వం కాగితాల గొడవ దేశమంతా నడుస్తున్నప్పుడు, ఈస్ట్ బెంగాల్ గ్యాలరీలో పెద్ద బ్యానర్ దించారు: ఈ నేల రక్తంతో కొన్నది, కాగితాలతో కాదు అని. ఆ మ్యాచ్ ఓడిపోయారు, అది వేరే విషయం. 2024 ఆగస్టులో ఆర్‌జీ కర్ ఆసుపత్రి డాక్టరమ్మాయి ఘోరం తర్వాత 18న ఈ రెండు క్లబ్బుల మధ్య జరగాల్సిన డ్యూరాండ్ కప్ మ్యాచ్ రద్దు చేశారు, బందోబస్తుకి పోలీసులు చాలరని. రద్దయినా జనం వచ్చారు, రెండు రంగుల జెండాలూ, మహమ్మడన్ నలుపు తెలుపూ కలిసి. పోలీసులు లాఠీలు కూడా తీశారు. టీవీలో చూశాను, ఒక ఎరుపు పసుపు కుర్రాడు ఆకుపచ్చ మెరూన్ కుర్రాడి భుజాల మీద కూర్చుని అరుస్తున్నాడు. మా క్యాషియరు గుర్తొచ్చి ఫోన్ చేద్దామనుకున్నా, నంబరు లేదు.

పులస సంగతి చెప్పి ఆపేస్తా. ఆ 1997 ఆగస్టులో ఊరొచ్చి తిరిగి వెళ్తుంటే మీ నానమ్మ పులస పులుసు స్టీలు క్యారేజీలో కట్టి ఇచ్చింది. రాజమండ్రిలో కోరమండల్ ఎక్కి మర్నాడు దిగేసరికి ముక్కకి పులుసు బాగా పట్టింది. మాశీమాకి పెట్టాను. మన పులసా వాళ్ల ఇలిశూ ఒకటే చేప, సముద్రంలో ఉన్నప్పుడు మనమూ ఇలస అనే అంటాం, గోదారి ఎర్రనీళ్లకి ఎదురీదితే పులస. ఆవిడ ముల్లు తీసుకుంటూ చాలాసేపు తింది. బెండకాయ ముక్కని పక్కకి నెట్టి, "చింతపండు వేసి పాడు చేశారు" అంది. కాసేపాగి, "చేప మాత్రం పద్మ నదిదే" అంది, పద్మ అంటే వాళ్ల తూర్పు నది. కాదు మాశీమా, గోదావరిది అంటే ఒప్పుకోలేదు. క్యారేజీ కడిగి ఇస్తూ కూడా అదే మాట.

ఆ అమ్మాయికి సారీలూ గట్రా చెప్పి విషయం పెద్దది చెయ్యకు. నువ్వే టీకి పిలిచి, నీ దేశం ఎక్కడ అని అడుగు. కలకత్తా అంటే, కాదు, మీ తాతయ్యది అని అడుగు. స్కార్ఫ్ తిరిగివ్వద్దు, వాళ్లకి అది ఇంకా పెద్ద అవమానం.

అమ్మ రొయ్యల పచ్చడి పార్సిల్ చేసింది, బుధవారానికి రావాలి. ఆఫీసుకి తీసుకెళ్లే ముందు ఆ వారం మ్యాచ్ ఉందేమో చూసుకో.

నాన్న