గుమాస్తాను పక్కన పెట్టి కంప్యూటర్ పెడితే సరుకు లెక్క తేలదు

సంపాదకుల వారికి నమస్కారం.

మాది విజయవాడ వన్‌టౌన్‌లో మా మామగారు పెట్టిన హోల్‌సేల్ కిరాణా. ఇప్పుడు షాపు గొల్లపూడి మహాత్మాగాంధీ హోల్‌సేల్ కాంప్లెక్స్‌లో ఉంది. బియ్యం, పప్పులు, చింతపండు, బెల్లం, నూనె టిన్నులు, సబ్బులు అమ్ముతాం. మావారు పోయాక పదకొండేళ్లుగా వ్యాపారం నేనే చూసుకుంటున్నాను. ఈమధ్య మార్కెట్‌లో ఎవరిని కదిపినా ఒకటే మాట. "స్టాకంతా కంప్యూటర్‌లో పెట్టాం, లక్షన్నర వదిలింది, మళ్లీ పుస్తకానికే వచ్చాం" అంటున్నారు. సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చే కుర్రాళ్లేమో "ఇక మీకు గుమాస్తాతో పనే ఉండదు మేడమ్" అంటున్నారు. ఈ రెండు మాటలూ విని విని ఉండబట్టలేక రాస్తున్నాను. పుస్తకం పోవాల్సిందే, అందులో నాకు అనుమానం లేదు. పుస్తకంతోపాటు దాన్ని రాసే మనిషిని కూడా పంపేస్తే మాత్రం ఆ కంప్యూటర్ ఎందుకూ పనికిరాదు. రెండూ నేను అనుభవించే తెలుసుకున్నాను.

పుస్తకం ఎందుకు పోవాలో ముందు చెప్తాను. 2024 ఆగస్టు 31 శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు గోడౌన్‌కి తాళం వేసి వచ్చాం. ఆదివారానికి బుడమేరు వాగు పొంగి వచ్చేసింది. ఊర్మిళానగర్ దగ్గరున్న మా గోడౌన్‌లో నడుం లోతు నీళ్లు. ఆరో రోజుకి గానీ షట్టర్ ఎత్తలేకపోయాం. సెనగలు ఉబ్బి బస్తాల కుట్లు తెగిపోయాయి. కొన్నిటికి మొలకలు కూడా వచ్చాయి. బెల్లం, చింతపండు కరిగి నేలంతా నల్లటి జిగురు. ఆ వాసన నా చీరకు నాలుగు ఉతుకులైనా పోలేదు.

స్టాకు పుస్తకాలు బీరువా కింది అరలో ఉండేవి. ఎర్రగుడ్డ అట్టలవి, నాలుగు. ఏటా ఉగాదికి పసుపు రాసి తెరిచే పుస్తకాలు. ఇంటికి తెచ్చి ఫ్యాను కింద పెట్టి, నేనూ మా కోడలూ కూర్చుని ఒక్కో కాగితం చినగకుండా విడదీశాం. మా గుమాస్తా గారు బాల్‌పెన్నుతో రాసిన పద్దులన్నీ నిలిచాయి. ఆయన ఆగస్టు నెలాఖర్లో కంటి ఆపరేషన్ చేయించుకుని సెలవులో ఉన్నారు. ఆ పది రోజులూ మా అబ్బాయి జెల్‌పెన్నుతో రాశాడు. ఆ పేజీల్లో గీతలు మిగిలాయి, అంకెలు లేవు. అంకె ఉండాల్సిన చోటల్లా నీలం మరక. మాకు కావలసింది సరిగ్గా ఆ పది రోజుల లెక్కే.

ఇన్సూరెన్స్ తరఫున వచ్చిన సర్వేయరు "31 సాయంత్రానికి ఈ గోడౌన్‌లో ఏ సరుకు ఎంత ఉందో చూపించండమ్మా" అన్నారు. ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి మా కొనుగోలు బిల్లులూ అమ్మకం బిల్లులూ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. కానీ ఏ బిల్లు సరుకు షాపులోంచి వెళ్లింది, ఏది గోడౌన్‌లోంచి వెళ్లింది, బిల్లు లేకుండా చిట్టీ మీద వెళ్లి సోమవారం బిల్లు కావలసినవి ఎన్ని, ఇవన్నీ పుస్తకంలోనే. మా మార్కెట్‌లో చాలామందిది ఇదే పద్ధతి. బిల్లు మెషిన్లో, సరుకు కాగితం మీద. మాకు 14 లక్షల సరుకు పోయింది. కాగితాలతో చూపించగలిగింది 9 లక్షలకే. పాడైపోయిన సరుకు మీద మేం తీసుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ (కొన్నప్పుడు కట్టి, అమ్మకం పన్నులో తగ్గించుకున్నది) కూడా చట్టం ప్రకారం వెనక్కి కట్టాలి. ఎంత పోయిందో తేలనిదే అదెంతో కూడా తేలదు. ఆడిటర్ గారి ఆఫీసు చుట్టూ రెండు నెలలు తిరిగాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. మా వీధిలోనే ఒకాయనకి స్టాకంతా కంప్యూటర్‌లో ఉంది. ఆ కంప్యూటర్ డబ్బా టేబుల్ కింద నేలమీద ఉండేది. దాని కాపీ ఇంకెక్కడా లేదు. మా పుస్తకాల్లో బాల్‌పెన్ను పేజీలైనా మిగిలాయి, పాపం ఆయనకి ఒక్క అక్షరం మిగల్లేదు.

ఆ డిసెంబర్లో సాఫ్ట్‌వేర్ కొన్నాం. నేర్చుకున్న కుర్రాణ్ణి జీతానికి పెట్టుకున్నాం. మిగిలిన పుస్తకాలు చూసి అతను నిల్వలన్నీ ఎక్కించాడు. గుమాస్తా గారిని నేను ఒక్క మాటైనా అడగలేదు. ముప్పై ఏళ్లుగా మా దగ్గర చేస్తున్న మనిషి, నేను బాబాయి గారనే పిలుస్తాను. ఆయనకి కంప్యూటర్ రాదు కదా, ఎందుకులే అనుకున్నాను. అది నా తప్పు.

మూడు నెలలు తిరిగేసరికి ఏ లెక్కా కలవలేదు. అన్నిటికంటే గందరగోళం మినపగుళ్లది. ఉత్తరాది నుంచి వచ్చే బిల్లులో 'ఉరద్ గోటా' అని ఉంటుంది. మేం అమ్మే బిల్లులో 'మినపగుళ్లు' అని వేస్తాం. ఆ కుర్రాడికి రెండూ ఒకటేనని తెలియదు. వచ్చిన సరుకంతా ఒక పేరు మీద పెరుగుతూ పోయింది, అమ్మిందంతా ఇంకో పేరు మీద మైనస్‌లోకి దిగిపోయింది. బియ్యం సంగతి ఇంకోలా. 2022 జులై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు 25 కేజీల వరకు 5 శాతం పన్నులోకి వచ్చాయి. అప్పటి నుంచి 26 కేజీల బస్తాలు దిగాయి, వాటికి పన్ను లేదు. పక్కపక్కన పెడితే కూలీలకైనా తేడా తెలియదు. మెషిన్లో మాత్రం అవి రెండు వేర్వేరు సరుకులు. అతను రెంటినీ 'రైస్ బ్యాగ్' అని ఒకే పేరు కింద ఎక్కించాడు. చింతపండు తరుగు, బెల్లం వానాకాలంలో చెమర్చి నీరు కారితే పోయే బరువు, చిల్లుబస్తాలోంచి కారి చీపురుతో ఎత్తిన పప్పు, ఇవేవీ ఎక్కడా రాయలేదు. ఎక్కడ రాయాలో అతనికి ఎవరు చెప్పారు గనక?

మార్చి మొదట్లో ఒకరోజు కంప్యూటర్ కందిపప్పు 38 బస్తాలు అంటోంది, గోడౌన్‌లో 31 ఉన్నాయి. నాకు టెన్షన్‌తో చేతులు వణికాయి. బస్తాలు మోసే ముఠా కూలీల మీద అనుమానపడ్డాను కూడా, ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. బాబాయి గారు వచ్చి ఒకసారి బస్తాలు చూశారు. చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన చిట్టీ తీశారు. దానిమీద తెలుగులో ఉంది: కంది 7, ఏలూరు రోడ్డు షాపు, బిల్లు సోమవారం. "ఇది తీసుకోమని రెండుసార్లు చెప్పానమ్మా. ఆ బాబు బిల్లయితేనే ఎక్కిస్తానన్నాడు" అన్నారు. ఆ ఏడు బస్తాలూ మెషిన్లో లేవు, గోడౌన్‌లో లేవు. ఆయన జేబులో ఉన్నాయి.

ఆ రోజు రాత్రి ఆయన్ని కూర్చోబెట్టి, మొదటి నుంచి ఎలా చేద్దామో మీరే చెప్పండి బాబాయి గారూ అని అడిగాను. పుస్తకం చూసి ఎక్కించొద్దు, సరుకు చూసి ఎక్కిద్దాం అన్నారు. 2025లో ఉగాది మార్చి 30, ఆదివారం పడింది. పచ్చడి తిని గోడౌన్‌కి వెళ్లాం. మర్నాడు రంజాన్, మా ముఠాలో ఇద్దరు సెలవు. మిగిలిన వాళ్లతో రెండు రోజులు షాపు మూసి లెక్కపెట్టాం. ఒక దొంతరను ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టాలి, ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. రెండూ కలిస్తే దాని మీద సుద్దముక్కతో గీత, కలవకపోతే మళ్లీ మొదటి నుంచి. సబ్బుల పెట్టెల వెనక 11 బస్తాల సెనగపప్పు బయటపడింది. అది లేదనుకుని మేం మళ్లీ ఆర్డరు పెట్టబోతున్నాం.

సరుకుల పేర్లన్నీ ఆయనే చెప్పారు, కుర్రాడు తెలుగు అక్షరాల్లోనే ఎక్కించాడు. పేరు పక్కన బస్తా బరువు తప్పనిసరి: కందిపప్పు 50, కందిపప్పు 30, బియ్యం 25 పన్నుది, బియ్యం 26. తరుగుకి విడిగా ఒక పద్దు పెట్టించారు, దేనివల్ల తగ్గిందో కారణంతో సహా. పోయిన, పాడైన సరుకు లెక్క రాసి ఉంచాలని జీఎస్టీ నిబంధనల్లోనూ ఉందని తర్వాత ఆడిటర్ గారు చెప్పారు. ఆ నిబంధన బాబాయి గారు ఎప్పుడూ చదవలేదు. మా మామగారి కాలం నుంచి పుస్తకం చివరి పేజీల్లో తరుగు రాయడం ఆయనకి అలవాటు, అంతే.

ఇప్పుడు గోడౌన్ గుమ్మం దగ్గర ఒక ఫోను ఉంటుంది. అది ఆయన చేతిలోనే. బస్తా గుమ్మం దాటకముందే వేలితో నొక్కుతారు, చిట్టీ ఉంటే ఫొటో తీస్తారు. అక్షరాలు పెద్దవి చేసి పెట్టాం. నేర్చుకోవడానికి ఆయనకి మూడు వారాలు పట్టింది. అరవై నాలుగేళ్ల మనిషి. ఆ కుర్రాణ్ణి కూడా ఉంచుకున్నాం, ఇద్దరూ కలిసి చేస్తారు. సాయంత్రం షట్టర్ వేసేముందు రోజుకి ఐదు రకాలు చేత్తో లెక్కపెట్టి మెషిన్‌తో సరిచూస్తారు. తేడా వస్తే ఆ పూటే వెతుకుతారు, నెలాఖరు దాకా ఉంచరు. రాత్రికి డేటా కాపీ ఇంటర్నెట్‌లోకి వెళ్తుంది, ఇంకోటి పెన్‌డ్రైవ్‌లో నా హ్యాండ్‌బ్యాగులో ఇంటికొస్తుంది. కంప్యూటర్‌ని గోడకి ఆరడుగుల ఎత్తున అరమీద పెట్టించాను.

దీనివల్ల ఏం ఒరిగిందని అడిగేవాళ్లకి ఒకటి రెండు చెప్తాను. 2025 సెప్టెంబరు 22న ఒంటి సబ్బులూ టూత్‌పేస్టూ 18 నుంచి, నెయ్యి 12 నుంచి 5 శాతం పన్నులోకి వచ్చాయి. ముందురోజు ఆదివారం రాత్రికి పాత రేటు సరుకు ఏది ఎంత ఉందో చూసుకోవాలి. మా పక్కవాళ్లు రాత్రి రెండు దాకా పెట్టెలు దించి లెక్కపెట్టారు. మేం లిస్టు ప్రింటు తీసి, ఐదారు రకాలు సరిచూసుకుని పదింటికి ఇంటికెళ్లాం. 2023 జూన్‌లో కేంద్రం కంది, మినప నిల్వలకి హోల్‌సేల్‌కి 200 టన్నుల పరిమితి పెట్టి, సెప్టెంబర్లో దాన్ని 50కి దించింది. మా నిల్వ ఆ దరిదాపుల్లో లేకపోయినా ప్రభుత్వ పోర్టల్‌లో ప్రకటించాల్సిన అంకె మాకు ఖచ్చితంగా తెలిసేది కాదు. పుస్తకం చూసి అంచనాగా వేశాం. బ్యాంకులో సీసీ ఖాతాకి (సరుకు చూపించి తీసుకునే అప్పు ఖాతా) నెలనెలా ఇచ్చే స్టాకు స్టేట్‌మెంట్ కూడా అంచనాయే. ఇలా చేసేది మేమొక్కళ్లమే కాదని వ్యాపారస్తులందరికీ తెలుసు. సంతకం పెట్టేటప్పుడు గుండె దడ లేకుండా పెట్టడం నాకు కిందటి ఏడాది నుంచే తెలిసింది.

మా కాంప్లెక్స్‌లోనూ వన్‌టౌన్‌లోనూ కంప్యూటర్ పెట్టి గుమాస్తాను మాన్పించిన షాపులు నాకు తెలిసే ఆరు ఉన్నాయి. ఏ బస్తా ఏ మిల్లుదో కుట్టు చూసి చెప్పే మనుషులు ఆ గుమాస్తాలు. ఏ షాపువాడు సరుకు తిప్పి పంపుతాడో, ఏ పప్పు ఎన్నాళ్లకి పురుగు పడుతుందో వాళ్లకే తెలుసు. ఆ షాపుల వాళ్లు గుమాస్తాల జీతం మిగిలిందని సంతోషించి, ఇప్పుడు లెక్క తేలక సాఫ్ట్‌వేర్‌ని తిడుతున్నారు. సాటి వ్యాపారస్తులకి నా విన్నపం ఒక్కటే: దయచేసి ఆ గుమాస్తాలని వెనక్కి పిలవండి. ఫోను వాళ్ల చేతికివ్వండి. పని పెరిగింది కాబట్టి జీతం కూడా పెంచండి. నేను రెండున్నర వేలు పెంచాను, ఒక్క 11 బస్తాల సెనగపప్పు ఆర్డరు ఆగినందుకే అది ఎప్పుడో వచ్చేసింది.

సాఫ్ట్‌వేర్ తయారుచేసే వాళ్లకీ ఒక మాట. సరుకు పేర్లు తెలుగులో పెట్టుకోవడం కుదురుతోంది, సంతోషం. కానీ మేం వాడేదాంట్లో బటన్లూ, తప్పు జరిగితే వచ్చే హెచ్చరికలూ ఇంగ్లీషులోనే ఉన్నాయి. హెచ్చరిక చదవలేని మనిషి భయపడి ఫోను పక్కన పెట్టేస్తాడు, ఆ బస్తా లెక్కలోకి రాకుండా వెళ్లిపోతుంది. తూకంతో అమ్మే సరుకుకి తరుగు పద్దు కూడా ముందే పెట్టి ఇవ్వండి.

మా వర్తక సంఘం పెద్దలనీ, ప్రభుత్వంలో నైపుణ్య శిక్షణ చూసే అధికారులనీ అడిగేది ఇది. గుమాస్తాలకీ ముఠా కూలీలకీ మార్కెట్లోనే, షాపులు మూశాక రాత్రి ఎనిమిదిన్నర నుంచి గంటసేపు, తెలుగులో నేర్పించండి. పగలు ఎక్కడికో రమ్మంటే వాళ్లకి కూలి పోతుంది, రారు. మా షాపు పైన ఒక గది ఖాళీగా ఉంది, ఫ్యాన్లూ లైట్లూ ఉన్నాయి, అద్దె వద్దు. నేర్పడానికి మనిషి దొరకకపోతే తాను వచ్చి కూర్చుంటానని బాబాయి గారు అన్నారు.

ఇట్లు,
ఒక హోల్‌సేల్ కిరాణా వ్యాపారి,
గొల్లపూడి, విజయవాడ