కొండగుర్తులో మోతాదు కూడా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

బడిలో ఛందస్సు చదివిన వాళ్లకు ‘యమాతారాజభానసలగం’ ఇప్పటికీ నోట్లో ఆడుతూనే ఉంటుంది. అది ఎనిమిది గణాల పేర్ల వరస మాత్రమే కాదు. మొదటి ఎనిమిదింటిలో ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు తీసుకున్నా ఆ గణం గురులఘువులతో సహా బయటపడుతుంది. ‘యమాతా’ అంటే లఘువు, గురువు, గురువు, అదే యగణం. పేరూ అందులోనే ఉంది, సరుకూ అందులోనే ఉంది. అత్యవసర వైద్యం నేర్చుకునే హౌస్ సర్జన్లు, నర్సింగ్ విద్యార్థులు, 108 అంబులెన్సుల్లో పనిచేసే ఈఎంటీలు (అత్యవసర వైద్య సహాయకులు) బట్టీపట్టే ఇంగ్లీషు కొండగుర్తులను కూడా ఈ గీటురాయి మీద పెట్టి చూడాలని మా మనవి. వాటిలో చాలావరకు పేర్లే ఉంటాయి. చేతికి ఏం పని చెప్పాలో ఉండదు.

పురుగుమందు తాగి వచ్చిన కేసునే తీసుకుందాం. మన రెండు రాష్ట్రాల్లో ఏ ఏరియా ఆసుపత్రికీ ఇది కొత్త కాదు. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫరస్ మందుల లక్షణాలకు ‘స్లడ్జ్’ అని నేర్పుతారు: చొంగ, కన్నీరు, మూత్రం, విరేచనం, కడుపునొప్పి, వాంతి. ఆరూ నిజమే. అయితే తొలి గంటల్లో ప్రాణం తీసేవి ఇవి కావు. ఊపిరితిత్తుల్లో నీళ్లలా ఊరే కఫం, శ్వాసనాళాలు బిగుసుకుపోవడం, గుండె నెమ్మదించడం ప్రాణం తీస్తాయి. ‘స్లడ్జ్’లో ఈ మూడింటికీ చోటు లేదు. ‘డంబెల్స్’ అనే ఇంకో సూత్రంలో ‘బి’ అక్షరం కింద ఇవి ఉన్నాయి. రెండింట్లో ఒక్కటే నేర్పేటట్టయితే దాన్నే నేర్పాలి.

అదైనా విషాన్ని గుర్తుపట్టడానికే పనికొస్తుంది. దీనికి విరుగుడైన అట్రోపిన్ ఎంత ఇవ్వాలి, ఎంతసేపటికి ఇవ్వాలి, ఎక్కడ ఆగాలి అన్న దగ్గరే అసలు తప్పులు జరుగుతాయి. మన దగ్గర మామూలుగా దొరికే ఒక మిల్లీలీటరు గాజుబుడ్డి, అంటే ఆంప్యూల్‌లో 0.6 మిల్లీగ్రాములు ఉంటుంది. పెద్దవాళ్లకు మొదట మూడు ఆంప్యూల్స్, అంటే 1.8 మి.గ్రా., సిరలోకి ఇవ్వాలి. ఐదు నిమిషాలాగి చూసి, చాలకపోతే దానికి రెట్టింపు. మరో ఐదు నిమిషాలకు మళ్లీ రెట్టింపు. ‘మూడు, ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు’ అని ఎక్కంలా నాలుగుసార్లు పలికిస్తే ఇక మరిచిపోరు. ఈ లెక్కన పదిహేనో నిమిషానికి 45 ఆంప్యూల్స్, అంటే 27 మి.గ్రా. లోపలికి వెళ్తాయి. రెట్టింపు సంగతి మరిచి ప్రతిసారీ మూడే ఇస్తూ పోతే అదే సమయానికి వెళ్లేవి 12. ఈలోగా రోగి తన కఫంలోనే మునిగిపోతాడు. ట్రేలో పది ఆంప్యూల్సే పెట్టుకున్న చోట మూడో డోసుకే స్టోరుకు పరుగెత్తాల్సి వస్తుంది. కాబట్టి ఈ ఎక్కం డాక్టరుకు ఎంత అవసరమో, ట్రే సర్దే స్టాఫ్ నర్సుకూ అంతే అవసరం.

ఎక్కడ ఆగాలో గుర్తుంచుకోవడానికి ఐదు వేళ్లు చాలు. బొటనవేలు ఊపిరితిత్తులు: రెండు వైపులా గరగర, పిల్లికూతలు పోవాలి. చూపుడువేలు నాడి: 80 దాటాలి. నడిమివేలు పై బీపీ: అదీ 80 దాటాలి. ఉంగరపు వేలు చంక: పొడిగా ఉండాలి. చిటికెనవేలు కంటిపాప: సూదిమొనలా ఉండకూడదు. ఈ వరస ఊరికే పెట్టింది కాదు. బొటనవేలు లేకపోతే చేతికి పట్టు ఉండదు, ఊపిరితిత్తులు తేటపడకపోతే మిగతా నాలుగూ ఉన్నా లాభం లేదు. టార్చి వేసి చూడటం తేలిక కాబట్టి అందరి చూపూ కంటిపాప మీదే ఉంటుంది, అందుకే దాన్ని చిట్టచివరి వేలికి ఇవ్వాలి. పాప విప్పారింది కదా అని ఛాతీ వినకుండా అట్రోపిన్ ఆపేయడం ఒక తప్పు. నాడి 120 ఉంది కదా అని అసలు మొదలుపెట్టకపోవడం ఇంకో తప్పు, ఎందుకంటే ఆక్సిజన్ అందకపోయినా నాడి అలా పరుగెడుతుంది. గరగర ఒక పక్కనే, ఒక్క చోటే వినిపిస్తుంటే వాంతి ఊపిరితిత్తిలోకి పోయిందేమో అనుమానించాలి, అది అట్రోపిన్‌తో తగ్గదు. దానికోసం డోసు పెంచుకుంటూ పోతే జ్వరం, కలవరింతలు వస్తాయి, పేగుల చప్పుడు ఆగిపోతుంది.

ఐదు వేళ్లూ కుదిరాక, అప్పటివరకు ఇచ్చిన మొత్తంలో గంటకు పదో వంతు నుంచి ఐదో వంతు వరకు డ్రిప్‌లో నడపాలి. 27 మి.గ్రా. పట్టిన రోగికి గంటకు 2.7 నుంచి 5.4 మి.గ్రా. అన్నమాట. అట్రోపిన్ ఎక్కువైన లక్షణాలు కనిపిస్తే డ్రిప్ ఆపి, సాధారణంగా అరగంట నుంచి గంటలో అవి సర్దుకున్నాక, మునుపటి వేగంలో 70–80 శాతంతో మళ్లీ మొదలుపెట్టాలి.

వీటన్నిటికంటే ముందు గేటు దగ్గరే అడగాల్సిన మాట ఒకటుంది: ‘పురుగుమందా, గడ్డిమందా?’ గడ్డిమందు పారాక్వాట్ అయితే అట్రోపిన్‌కు పని లేదు. అలవాటుగా పెట్టే ఆక్సిజన్ ఊపిరితిత్తులను మరింత పాడుచేస్తుంది కాబట్టి, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) బాగా పడిపోతే తప్ప పెట్టకూడదు. డబ్బా వెంట తెమ్మని ఊళ్లలో అందరికీ చెప్పాలి.

పాముకాటు దగ్గరా ఇదే చిక్కు. కట్లపాము, నాగుపాము విషం నరాలకు ఎక్కిందని తెలిపే లక్షణాలకు ‘5 డి, 2 పి’ అని మన దేశంలో నేర్పుతున్నారు. ఆ ఐదు ‘డి’లలో నాలుగు మాటలు (డిస్ప్నియా, డిస్ఫోనియా, డిస్ఆర్థ్రియా, డిస్ఫేజియా: ఊపిరి, గొంతు, మాట, మింగుడు ఇబ్బందులు) ‘డిస్’ అనే మొదలవుతాయి. తేడా చెప్పే భాగం మాట చివర ఉంటే, కొక్కెం తగిలించింది మొదట్లో. పైగా ఏది ముందు వస్తుందో, ఏది తర్వాతో అందులో తెలియదు. విషం మాత్రం సాధారణంగా పైనుంచి కిందికి దిగుతుంది. అందుకని ‘రెప్ప, చూపు, మాట, మింగుడు, మెడ, ఊపిరి’ అని నేర్పితే లక్షణాలతో పాటు వరసా తెలుస్తుంది. రెప్ప వాలుతోందా, ఒకటి రెండుగా కనిపిస్తోందా, మాట ముద్దగా వస్తోందా, ఉమ్మి మింగగలుగుతున్నాడా, దిండు మీంచి తల ఎత్తగలడా, ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలడు? ఆ చివరి అంకెను కేస్‌షీటులో రాసిపెట్టి మాటిమాటికీ పోల్చుకోవాలి. అంకె తగ్గుతోందంటే శ్వాసగొట్టం, వెంటిలేటర్ సిద్ధం చేసుకోవాల్సిన వేళయింది.

రక్తపింజర కాటుకు చేసే గడ్డకట్టే పరీక్షకు ‘రెండు, గాజు, ఇరవై, ఒక్కసారి’ అన్న నాలుగు మాటలు సరిపోతాయి. రెండు మిల్లీలీటర్ల తాజా రక్తం, శుభ్రమైన పొడి గాజు గొట్టం, కదపకుండా ఇరవై నిమిషాలు, తర్వాత ఒక్కసారే వంచి చూడటం. ప్లాస్టిక్ గొట్టం వాడినా, సబ్బుతో కడిగిన గాజు వాడినా మంచి రక్తం కూడా గడ్డకట్టక అనవసరంగా విరుగుడు ఎక్కించే ప్రమాదం ఉంది. కట్లపాము కాటులో రక్తం మామూలుగానే గడ్డకడుతుంది, అంతమాత్రాన విషం ఎక్కలేదని ఇంటికి పంపకూడదు. విరుగుడు మోతాదుకు వస్తే, ‘పిల్లాడని పాము విషం తగ్గించదు’ అన్న ఒక్క వాక్యం చాలు. పెద్దలకు మొదట ఇచ్చే పది వయల్సే పిల్లలకూ ఇవ్వాలి.

కొండగుర్తుకు కాలం చెల్లడం కూడా ఉంటుంది. గుండెపోటుకు ‘మోనా’ అని తరాలుగా నేర్పారు: మార్ఫిన్, ఆక్సిజన్, నైట్రేట్, ఆస్పిరిన్. ప్రాణం నిలబెట్టే ఆస్పిరిన్ అందులో ఆఖరిది. అది 300 మి.గ్రా. నమిలి మింగించడం మొదట జరగాలి. శాచురేషన్ 90 శాతం, ఆపైన ఉన్నవాళ్లకు ఆక్సిజన్ వల్ల లాభం లేదని 2017లో స్వీడన్‌లో ఆరు వేల మందికి పైగా రోగులపై జరిగిన అధ్యయనం తేల్చింది. గుండె కుడి భాగం దెబ్బతిన్నప్పుడు నైట్రేట్ ఇస్తే బీపీ కూలిపోవచ్చు. అయినా ‘మోనా’ నోటికి అంత తేలిగ్గా తిరుగుతుంది కాబట్టే ఇంకా పోవడం లేదు. ఆగిన గుండెకు ‘ఏ, బి, సి’ (శ్వాసమార్గం, ఊపిరి, రక్తప్రసరణ) అనే వరసను 2010లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ‘సి, ఏ, బి’గా మార్చింది, ఊపిరి ఊదడం కంటే ఛాతీ నొక్కడం ముందు జరగాలని. పాత వరస మాత్రం ఇంకా కొన్ని గోడల మీద కనిపిస్తోంది.

వైద్య, నర్సింగ్ కళాశాలల వారిని మేం కోరేది ఇది. పైన చెప్పినలాంటి వరసలను తెలుగులో, మోతాదుతో, ఆగాల్సిన చోటుతో సహా ఒక్కో కాగితం మీద అచ్చువేయించండి. అడుగున తయారుచేసిన నెల, సంవత్సరం, తిరిగి సరిచూడాల్సిన తేదీ ఉండాలి. అట్రోపిన్ కాగితాన్ని నోటీసు బోర్డుకు కాకుండా ఆంప్యూల్స్ ఉండే అల్మారా తలుపుకు లోపలి వైపు అంటించండి, తలుపు తెరిచిన చేతికి లెక్క ఎదురుగా కనపడేలా.

ఇట్లు,
అత్యవసర విభాగంలో బోధించే కొందరు వైద్యులు, నర్సులు
గుంటూరు