పబ్లిక్ ఐపీ లేదని ముందే చెప్పొచ్చు కదా

అయ్యా,

మా అనంతపురంలో ఇప్పుడు కిరాణా కొట్టు మొదలుకొని ఊరి బయట చీనీ తోట షెడ్డు దాకా అన్నిచోట్లా సీసీ కెమెరాలే. ఎక్కడున్నా ఫోన్‌లో చూసుకోవాలంటే రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ చేయాలంటాడు బిగించే అబ్బాయి. మాట నిజమే, ఇంట్లో ఎన్ని ఫోన్లు, టీవీలు ఉన్నా బయటికి కనపడేది ఒకే ఐపీ అడ్రస్ (నెట్‌లో మన ఇంటి చిరునామా లాంటిది, దీన్నే పబ్లిక్ ఐపీ అంటారు), కాబట్టి బయటి నుంచి ఎవరైనా అడిగితే దాన్ని డీవీఆర్‌కు (కెమెరా వీడియోలు రికార్డు చేసే పెట్టెకు) పంపాలని రౌటర్‌కు మనమే చెప్పాలి. రౌటర్ సెట్టింగ్స్ పేజీ 192.168.1.1 ఓపెన్ చేసి, డీవీఆర్‌కు మారని లోకల్ అడ్రస్ ఇచ్చి, పోర్టు నంబరు (లోపలికి వచ్చే తలుపు నంబరు లాంటిది) కొట్టి సేవ్ చేస్తాం. అయినా కెమెరా రాదు. ఇక రౌటర్‌ను తిట్టుకోవడం, రీసెట్ కొట్టడం, ఆఖరికి కొత్తది కొనడం.

తప్పు రౌటర్‌ది కాదు. ఐపీవీ4 అనే పాత రకం ఐపీ అడ్రస్‌లు ప్రపంచం మొత్తానికీ దాదాపు 430 కోట్లే. అవి చాలక చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఎన్నో ఇళ్లను కలిపి ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక పెడుతున్నాయి, దీన్నే సీజీనాట్ అంటారు. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (కంపెనీ వైపు నుంచి రౌటర్‌కు వచ్చిన అడ్రస్) 100.64కూ 100.127కూ మధ్య ఉంటే మీరూ ఆ గుంపులో ఉన్నట్టే, మన రౌటర్‌లో పోర్టు ఎంత తెరిచినా పైన కంపెనీ దగ్గర మూసే ఉంటుంది. (192.168 అని కనపడితే మాత్రం చాలాసార్లు కంపెనీ ఇచ్చిన మోడెమ్ కూడా రౌటర్‌లా పనిచేస్తున్నట్టు, దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటర్ పని మానేసి కనెక్షన్‌ను నేరుగా మన రౌటర్‌కే అందించేలా, పెట్టమనండి.)

మాకు కనెక్షన్ ఇచ్చినవాళ్లు ఈ ముక్క చెప్పనే లేదు. కస్టమర్ కేర్‌కు చేస్తే "ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" అంటారు, గుచ్చి గుచ్చి అడిగాక గానీ స్టాటిక్ ఐపీకి (మనకొక్కరికే ఇచ్చే, మారని పబ్లిక్ అడ్రస్‌కు) వేరే డబ్బు కట్టాలన్న సంగతి బయటికి రాలేదు. స్పీడు గురించి ఊరంతా బోర్డులు కడతారే, ఇదొక్కటీ అప్లికేషన్ ఫారంలో రాస్తే ఏం పోతుంది?

పని కాకపోతే కొందరు టెక్నీషియన్లు డీఎంజెడ్ (బయటి నుంచి అన్ని పోర్టులనూ ఒకే పరికరానికి తెరిచేసే సెట్టింగ్) ఆన్ చేసి, పాస్‌వర్డ్ కూడా మార్చకుండా పోతారు. పబ్లిక్ ఐపీ ఉన్న ఇంట్లో ఇలా చేస్తే డీవీఆర్‌ను నడిబజారులో పెట్టినట్టే. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇలా ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్లో, డీవీఆర్‌లలో దూరి వాటితోనే పెద్ద పెద్ద వెబ్‌సైట్లను పడగొట్టింది. ఊరికే కెమెరా చూసుకోవడానికైతే చాలా డీవీఆర్‌లకు కంపెనీ యాప్ ఉంటుంది, క్యూఆర్ స్కాన్ చేస్తే సీజీనాట్ వెనక నుంచి కూడా పనిచేస్తుంది, ఏ పోర్టూ తెరవక్కర్లేదు. పాస్‌వర్డ్ మాత్రం ముందు మార్చుకోండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, అనంతపురం