మరుగుతూ గడ్డకట్టిన నీళ్లు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. జవాబు రాయనందుకు తిట్టుకో, పడతాను. పేపర్లు దిద్దడం, మధ్యలో అమ్మకి కంటి ఆపరేషను. ఇప్పుడు బాగా చూస్తోంది, నిన్ను అడిగింది. పిల్లలు క్షేమం. మిగతావన్నీ తర్వాత. నిన్న ల్యాబ్‌లో చూసింది నీకు చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

మూలనపడ్డ వాక్యూమ్ పంపు బాగుచేయించాం. గాజు బెల్ జార్ కింద చిన్న గిన్నెలో 30 మిల్లీలీటర్ల నీళ్లు, అందులో థర్మామీటరు. ఆవిరి పంపులోకి దూరి ఆయిల్‌ని పాడుచేయకుండా పక్కనే పళ్లెం నిండా తేమ పీల్చే సిలికా జెల్. పంపు వేశాం. ముందు గిన్నె గోడలకి సన్నబుడగలు పట్టాయి, అది నీళ్లలో కరిగిన గాలి. పీడనం 4 కిలోపాస్కల్స్‌కి దిగేసరికి కుతకుతా మరగడం మొదలైందిరా! పొయ్యి లేదు, మంట లేదు. 30 డిగ్రీల నీళ్లు!

వెంటనే నువ్వే గుర్తొచ్చావు. వైవాలో ఎగ్జామినరు "నీళ్లు మరిగేది ఎక్కడైనా నూరు డిగ్రీల దగ్గరేనా?" అని రెట్టించి అడిగితే, "ఎక్కడైనా, ఎప్పుడైనా నూరే సార్" అని బల్లగుద్ది చెప్పావు చూడు! ఆ రోజు నుంచి హాస్టలంతటికీ నువ్వు నూరుగాడివి. (ఎర్ర చెంబు సంగతి ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదులే.) ఆ నూరుగాడే ఇప్పుడు లేహ్‌లో మూడున్నర వేల మీటర్ల ఎత్తున కూర్చుని, గంటసేపు మరిగినా కందిపప్పు ఉడకట్లేదని రాస్తున్నాడు. అంత ఎత్తున గాలి పీడనం తక్కువ, అందుకే అక్కడ నీళ్లు 88 దగ్గరే మరుగుతాయిరా. ఎంత మంట పెట్టినా అంతకి మించి వేడెక్కవు. కుక్కర్ కొనుక్కో, 110 దాటిస్తుంది.

ఆఁ, అసలు సంగతి. మరుగుతూనే థర్మామీటరు దిగుతోంది. 20, 12, 5... మంట లేదు కదా, ఆవిరవడానికి వేడి ఎక్కడిది? మిగిలిన నీళ్లలోంచే లాక్కోవాలి. గ్రాము ఆవిరవాలంటే దాదాపు 2500 జౌల్స్ వేడి కావాలి, గ్రాము గడ్డకడితే వదిలేది 334. అంటే ఒక్క గ్రాము పోతూపోతూ ఏడు గ్రాముల్ని మంచు చేసి పోతుంది! మీ నాయనమ్మ వసారాలో ఇసక మీద పెట్టిన కుండ చేసే పనీ ఇదే కదరా, కాకపోతే మెల్లగా.

సున్నా దగ్గర నీటిమీద పాలమీగడలా పొర కట్టింది. దాని కింద ఇంకా మరుగుతోంది. ఒక బుడగ పొరని చీల్చుకుని పైకొచ్చింది, చీలిన చోట మళ్లీ మంచు. 0.01 డిగ్రీలు, 611 పాస్కల్స్. స్టీమ్ టేబుల్‌లో, అదే మన ఆవిరి లెక్కల పట్టికలో, మొదటి వరుస! రాత్రంతా మేలుకుని బట్టీపట్టిన అంకె. 2019 దాకా ఉష్ణోగ్రత కొలిచే కెల్విన్ యూనిట్‌కి కొలబద్ద అదే. మంచు, నీళ్లు, ఆవిరి మూడూ ఒకే గిన్నెలో, నా కళ్లముందు. నోట మాట రాలేదురా. పక్కన నువ్వుంటే ఎంత బావుండేదో.

మళ్లీ ఒకసారి చేశాం. ఈసారి సున్నా దాటి మైనస్ 3 దాకా నీళ్లు నీళ్లుగానే ఉండి, ఉన్నట్టుండి టక్కున మొత్తం తెల్లగా... అదెందుకంటే, మొదటి మంచు పలుకు పుట్టడానికి

బెల్లు కొట్టేశారు. పిల్లలు గుమ్మంలో నిలబడ్డారు, ఇది ఇప్పుడే పోస్టులో వేయించాలి. మిగతాది రేపు రాస్తా.

నీ
రాంబాబు