రీయూనియన్‌కి వస్తామంటున్న మా పాత పిల్లలకు

చిన్నప్పుడు మా సమ్మర్ క్యాంప్‌లో వేసవులు గడిపినవాళ్లు ఈ మధ్య జట్లు జట్లుగా ఫోన్ చేస్తున్నారు. అందరం మళ్లీ అక్కడే కలుస్తాం, అదే క్యాబిన్ కావాలి, అవే మంచాలు కావాలి అంటున్నారు. క్యాంప్ నడిపేవాళ్లకు ఇంతకన్నా సంతోషం ఏముంటుంది! అయితే మీరు అడిగినవాటిలో కొన్ని చేయగలం, కొన్ని చేయలేం. చేయగలిగి కూడా వద్దనుకున్నవి ఒకటి రెండున్నాయి. బుక్ చేసుకునే ముందే ఇవన్నీ మీకు తెలియాలి.

ముందు తేదీల సంగతి. పిల్లల క్యాంప్ నడిచే వారాల్లో రీయూనియన్లు పెట్టం. "ఓ మూల క్యాబిన్ ఇస్తే చాలు, పిల్లల సందడి చూస్తూ కూర్చుంటాం" అని చాలామంది అడిగారు. మీ మీద అనుమానం ఉండి కాదు. బిడ్డను మాకు అప్పగించి వెళ్లిన తల్లిదండ్రులకు, ఈ ఆవరణలో ఉన్న ప్రతి పెద్దమనిషీ ఎవరో, ఎందుకు ఉన్నారో మాకు తెలుసన్న భరోసా ఉండాలి. ఒకప్పుడు మీ అమ్మానాన్నలు మా నుంచి కోరుకున్నదీ అదే. కాబట్టి రీయూనియన్లన్నీ సీజన్ ముగిశాకే. ఎంత పాత పరిచయమైనా ఇందులో మినహాయింపు లేదు.

ఇక అసలు మార్పు. రీయూనియన్ రోజుల్లో మా వైపు నుంచి ప్రోగ్రామ్ అంటూ ఏమీ ఉండదు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఆటలు, పోటీలు పెట్టమని కొందరు కోరారు. వద్దనుకున్నాం, ఎందుకో చెబుతాను.

కాన్సస్ విశ్వవిద్యాలయంలో పనిచేసే జెఫ్రీ హాల్ అనే పరిశోధకుడు 2018లో ఒక అధ్యయనం వెలువరించారు. కొత్తగా పరిచయమైనవాళ్లు మామూలు స్నేహితులు కావడానికి 50 గంటల దాకా, ప్రాణస్నేహితులు కావడానికి 200 గంటల పైన కలిసి గడపాల్సి వస్తుందని ఆయన అంచనా. ఒకే చోట పనిచేస్తూ గడిపిన గంటలు పెద్దగా లెక్కలోకి రావు. ఊరికే కబుర్లు చెప్పుకుంటూ, నవ్వుకుంటూ, ఆడుకుంటూ గడిపినవే స్నేహాన్ని పెంచుతాయి. ఉద్యోగాలూ సంసారాలూ ఉన్నవాళ్లు వారానికి రెండు గంటలు కలిసినా 200 గంటలకు దాదాపు రెండేళ్లు పడుతుంది. క్యాంప్‌లో పిల్లలు రోజుకు 14 గంటలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూనే ఉంటారు, రెండు వారాలు తిరిగేసరికి ఆ లెక్క ఇంచుమించు పూర్తయిపోతుంది. మీ స్నేహాలు అంత గట్టివి కావడానికి మేం పెట్టిన పోటీలు కారణం కాదు. ఆ పోటీల మధ్య మీకు దొరికిన ఖాళీయే కారణం. ఇప్పుడు మీకు ఇవ్వగలిగింది కూడా ఆ ఖాళీనే.

మొన్నొక జట్టు వచ్చింది. మొదటి గంట అంతా మొహమాటమే. ఏం చేస్తున్నారు, పిల్లలు ఏం చదువుతున్నారు, ఫోన్లలో ఫోటోలు. తర్వాత పక్కలు వేసుకోవడానికి క్యాబిన్‌లోకి వెళ్లారు. దుప్పటికి చెరో కొస పట్టుకుని దులుపుతున్న ఇద్దరిలో ఒకాయన ఉన్నట్టుండి ఆగి, మంచం కోడు మీద మేకుతో గీసిన గీతను వేలితో తడిమాడు. "ఒరేయ్, ఇది నువ్వు గీసిందే. నన్ను ఇరికించావు కదరా ఆ రోజు!" అంతే. రాత్రి భోజనాల గంట కొట్టినా ఆ క్యాబిన్ నుంచి ఒక్కరూ కదల్లేదు. మనిషి నడివయసు దాటి వెనక్కి చూసుకుంటే 10 నుంచి 30 ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువగా గుర్తొస్తాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు చెబుతారు. మాకు అది ఇలా కళ్లెదుటే కనిపిస్తుంది. అందుకే పాత క్యాబిన్‌కి రంగు వేయించినా ఆ మంచం కోళ్ల జోలికి మాత్రం వెళ్లం.

కానీ పై మంచాలు ఎక్కనివ్వం. అవి పిల్లల బరువుకు చేసినవి. పైగా అర్ధరాత్రి నిద్రమత్తులో నిచ్చెన దిగడం ఈ వయసులో మంచిది కాదు. అందరికీ కింది మంచమే, మందపాటి పరుపుతో.

సరస్సు విషయంలో ఇంకా కచ్చితంగా ఉంటాం. చిన్నప్పుడు ఈదిన నీళ్లే కదా అని పరుగున వెళ్లి దూకుతారు. చల్లటి నీళ్లలోకి ఒక్కసారిగా దిగితే ఊపిరి ఎగబీలుస్తుంది, గుండె వేగం, బీపీ అమాంతం పెరుగుతాయి. మొదటి కొన్ని నిమిషాలే అసలు ప్రమాదం. గుండె జబ్బు ఉన్నవాళ్లకు మరీనూ. అందుకే మెల్లగా దిగాలి, లైఫ్‌గార్డ్ ముందు ఒకసారి ఈది చూపించాలి, ఇద్దరిద్దరుగానే ఉండాలి. మందు తాగినవాళ్లకు ఆ రోజు నీళ్లలోకి ప్రవేశం లేదు. పిల్లలప్పుడు ఈ రూల్స్ మీద ఎంత అలిగారో గుర్తుంది. ఇప్పుడూ అలగండి, ఫరవాలేదు.

లైఫ్‌గార్డ్, నర్సు, కొత్త పరుపులు, ఇన్సూరెన్స్ అన్నీ కలిసి ఖర్చు పెరిగింది కాబట్టి రీయూనియన్ ఫీజు కూడా పెంచుతున్నాం. భార్యాభర్తలను, పిల్లలను రెండో రోజు నుంచి తీసుకురండి. మొదటి రాత్రి మాత్రం పాతవాళ్లే ఉంటే బాగుంటుంది. ప్రతి కథనూ పక్కవాళ్లకు విడమరిచి చెప్పాల్సి వస్తే కథలు సాగవు.

ఇంకో మాట. ఆ వేసవులు అందరికీ తీపి జ్ఞాపకాలు కావు. మీరు సరదాగా పెట్టిన పేరు ఒకరిని ఎన్నాళ్లో బాధపెట్టి ఉండొచ్చు. పిలిచినా రానన్నవాళ్లను గ్రూప్‌లో పదిమంది ముందు నిలదీయకండి. లోకం విడిచి వెళ్లినవాళ్లు మీ జట్టులో ఉంటే ముందే చెప్పండి. వాళ్ల ఫోటోలు మా పాత ఆల్బమ్‌లలో వెతికి తీసి ఉంచుతాం.

ఆచూకీ తెలియని మిత్రుల అడ్రస్‌లు, నంబర్లు మా రిజిస్టర్ల నుంచి ఇమ్మని అడుగుతున్నారు. అవి వాళ్ల తల్లిదండ్రులు మమ్మల్ని నమ్మి రాయించినవి, ఇవ్వలేం. మీరొక ఉత్తరం రాసి మాకు పంపండి, మా దగ్గరున్న అడ్రస్‌కి మేమే చేరవేస్తాం. జవాబు ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం.